రెండో నిచ్చెన

ఇంజనీరు కల్నల్ ఒగ్న్యాన్ త్రిఫోనోవ్ నిచ్చెన మీంచి పడి చనిపోయాడని నాకు ఫోను వచ్చేసరికి ఉదయం పది దాటి ఐదు నిమిషాలయింది. ఎయిర్‌బేస్ గేటు ముందు నేను కారు ఆపినప్పుడు పదకొండు పది. మధ్యాహ్నం రెండు గంటలకి అదే బేస్‌లో, ఆఫీసర్ల మెస్ పక్కనున్న హాల్లో, మా దేశం రాబోయే ముప్పై ఏళ్ళు ఏ యుద్ధవిమానం నడపాలో తేల్చే కమిషన్ ఓటు వేయబోతోంది. సభ్యులు ఏడుగురు. సాంకేతిక విషయాల్లో వాళ్ళకి పెద్ద త్రిఫోనోవ్. ఆ ఉదయానికి ఆరుగురే మిగిలారు.

తొమ్మిదో నెంబరు షెల్టర్ దగ్గరికి నన్ను జీపులో తీసుకెళ్ళారు. షెల్టరంటే బాంబుల నుంచి విమానాన్ని దాచడానికి కట్టిన కాంక్రీటు గుహ. ఇనప తలుపులు రెండూ పూర్తిగా తెరిచి ఉన్నాయి. లోపల విమానం లేదు. గుమ్మానికి ఎడమవైపు అల్యూమినియం నిచ్చెన ఒకటి ఒరిగి పడి ఉంది. దాని పక్కనే, తలుపు జరిగే ఇనప పట్టా మీద తల ఆనించి, వెల్లకిలా త్రిఫోనోవ్. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. తెల్ల చొక్కా, నల్ల టై, పాలిష్ చేసిన బూట్లు. ఓటు వెయ్యడానికి తయారై వచ్చాడు.

డాక్టరు చేతి తొడుగులు విప్పుతూ నా వైపు తిరిగాడు.

"తల వెనక దెబ్బ. వెనక్కి పడ్డాడు. ప్రాణం పోయింది ఎనిమిదిన్నర ప్రాంతంలో."

"పడింది ఎప్పుడు?"

"వాపు చూస్తే పడగానే పోలేదు. అరగంట పైనే ఉన్నాడు. ముప్పావుగంట కావచ్చు."

"అప్పుడెవరైనా చూసి ఉంటే?"

"ఆస్పత్రి ఇక్కడికి నాలుగు నిమిషాలు," అన్నాడు డాక్టరు.

వెనకనుంచి బూట్ల చప్పుడు. కల్నల్ బోయన్ వల్చెవ్. కమిషన్‌కి భద్రతాధికారి. ఎప్పుడూ ఇప్పుడే క్షౌరం చేయించుకున్నట్టుండే మొహం.

"వచ్చారా ఇన్‌స్పెక్టర్ గెచేవ్? దారి తప్పలేదు కదా! కాగితం టైపు చేయించి ఉంచాను. ప్రమాదం. ముసలాయన, తడి బూట్లు, నిచ్చెన. మీరు సంతకం పడేస్తే భోంచేసి వెళ్ళొచ్చు. బుధవారం మా మెస్‌లో బీన్స్ చారు చాలా బాగుంటుంది."

"బూట్లు పొడిగా ఉన్నాయి కల్నల్ గారూ."

"అయితే కళ్ళు తిరిగి ఉంటాయి. మీకు నేను వైద్యం కూడా నేర్పాలా?"

"ఆయన నిచ్చెనెందుకెక్కాడు?"

"అది ఆయన్నే అడగాల్సింది. కాస్త ఆలస్యమైంది." తన మాటకి తనే నవ్వుకున్నాడు. "గేటు పుస్తకం చూశాను. ఏడు ఇరవై ఐదుకి త్రిఫోనోవ్ సొంత కారు లోపలికొచ్చింది. తొమ్మిది నలభైకి మెకానిక్ శవాన్ని చూశాడు. ఈ రెండింటి మధ్య బయటివాళ్ళెవరూ రాలేదు."

"బయటివాళ్ళు రాలేదంటే లోపలివాళ్ళ సంగతి చూడాలి."

ఆయన మొహంలో నవ్వు అలాగే ఉంది గానీ కళ్ళు మాత్రం గడియారం మీదికి వెళ్ళాయి.

ఈ మనిషితో నాకిది మొదటిసారి కాదు. మూడేళ్ళ కిందట, ఇదే బేస్ నుంచి లేచిన పాత విమానం ఒకటి పొలాల్లో కూలి, యాసెన్ బోజిలోవ్ అనే ఇరవై ఆరేళ్ళ లెఫ్టినెంట్ చనిపోయాడు. ఆ దర్యాప్తు నాది. ఇంజను మార్పిడి రికార్డులు కావాలని అడిగాను. రహస్యమన్నాడు వల్చెవ్. నెల రోజులు ఆగి, "పైలట్ పొరపాటు" అని రాసి సంతకం పెట్టాను. ఆ సాయంత్రం త్రిఫోనోవ్ నా గదికొచ్చాడు. "ఆ ఇంజను ఆయుష్షు ఎప్పుడో తీరిపోయింది, ఇన్‌స్పెక్టర్. ఇంకో నెల ఆగు, నేనెలాగో కాగితం సంపాదిస్తాను," అన్నాడు. కేసు మూసేశానని చెప్పాను. తిట్టలేదు. టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. తిట్టి ఉంటే ఇన్నాళ్ళూ నాకు కాస్త తేలిగ్గా ఉండేది.

వంగి నేల చూడడం మొదలుపెట్టాను.

త్రిఫోనోవ్ కుడిచేతి పక్కన తోలు చక్రంలో చుట్టిన పొడుగు ఉక్కు టేపు ఉంది. చక్రం ఆయన దగ్గర, టేపు మాత్రం పాములా మెలికలు తిరిగి గుమ్మం మధ్యదాకా పరుచుకుంది. కొస పట్టుకుని పైకెత్తాను. చివరి జానెడు మేర ఎండిన రక్తం, సన్నని గీతలా.

"డాక్టరు గారూ, ఆయన చేతులకి ఎక్కడైనా కోత ఉందా?"

"లేదు. చూశాను."

"ఏముంది? తలనుంచి చిందిన రక్తం," అన్నాడు వల్చెవ్.

"చక్రం మీద చుక్క లేదు. తల ఇక్కడుంది. కొస అక్కడెక్కడో ఉంది. రక్తం గాల్లో ఎగిరెళ్ళి కొస మీదే పడిందా?"

గుమ్మం అవతలి వైపుకి, కుడి గోడ దగ్గరికి నడిచాను. టేపు కొస తగిలించడానికి ఆ గోడకి మేకు లేదు, కొక్కెం లేదు. నేలంతా చలికాలపు దుమ్ము. ఆ దుమ్ములో, గోడకి రెండడుగుల దూరంలో, అరచేయంత నలుచదరపు ముద్రలు రెండు. రబ్బరు కాళ్ళ నిచ్చెన నిలబడ్డ గుర్తులు. బయట గోడకి నిచ్చెనలు తగిలించే చోట ఏడు వేలాడుతున్నాయి. ఆరింటి కాళ్ళు నల్లగా ఉన్నాయి. ఒకదాని కాళ్ళకి తెల్లటి సిమెంటు దుమ్ము.

"ఇంత గుమ్మం వెడల్పు, విమానం రెక్క ఎత్తున, ఒక్క మనిషి కొలవలేడు," అన్నాను. "ఇవతల చక్రం పట్టుకుని ఈయనున్నాడు. అవతల నిచ్చెనెక్కి కొస పట్టుకున్న మనిషి ఇంకొకరున్నారు. వాళ్ళ చెయ్యి తెగింది. ఈయన పడ్డాక వాళ్ళు నిచ్చెన యథాస్థానంలో తగిలించి మరీ వెళ్ళిపోయారు."

వల్చెవ్ దగ్గరగా వచ్చాడు. గొంతు తగ్గించాడు. "గెచేవ్, రెండు గంటలకి ఓటు. రెండు విమాన కంపెనీల వాళ్ళూ రాజధాని సోఫియాలో హోటల్ గదుల్లో ఫోన్ల ముందు కూర్చున్నారు. పత్రికలవాళ్ళు గేటు బయటున్నారు. ఇవాళ మీ నోట్లోంచి హత్య అన్న మాట వస్తే ఈ ఎంపిక ఇంకో రెండేళ్ళు వెనక్కి పోతుంది. ఆ రెండేళ్ళూ కుర్రాళ్ళు ఆ పాత డొక్కుల్లోనే ఎగరాలి. మీకు తెలుసుగా, వాటిల్లో ఏమవుతుందో."

"తెలుసు. ఏమైందో రాసింది నేనే కదా," అన్నాను. "రెండింటిదాకా నాకు టైముంది. కాగితం మీ దగ్గరే ఉంచండి."

* * *

శవాన్ని చూసిన మెకానిక్ పేరు రాంగెల్. యాభై ఏళ్ళు దాటిన మనిషి, వేళ్ళ సందుల్లో గ్రీజు. షెల్టర్ వెనక పెట్టె మీద కూర్చుని కంటతడి చేత్తో తుడుచుకుంటున్నాడు.

"ఒగ్న్యాన్ అన్న దగ్గరే పని నేర్చుకున్నా సార్. స్పానర్ తప్పుగా పట్టుకుంటే వేళ్ళ మీద కొట్టేవాడు. ఆ తర్వాత తనే టీ తెచ్చిచ్చేవాడు."

"ఇవాళ ఇక్కడికెందుకొచ్చాడో చెప్పాడా?"

"నాకు చెప్పలేదు. నిన్న సాయంత్రం ఫోను చేసి ఒక్క మాటడిగాడు. 'జనవరిలో తొమ్మిదో షెల్టర్ గుమ్మం కొలిచినప్పుడు నువ్వున్నావా?' అని. ఉన్నానన్నా. 'ఎంతొచ్చింది?' అన్నాడు. పన్నెండు మీటర్ల ఇరవై అన్నా. సరేరా, పడుకో అన్నాడు."

"జనవరిలో కొలిచిందెవరు?"

"కమిషన్‌కి లెక్కలు చూసే కెప్టెన్ రాదినాగారు. నేను అవతలి కొస పట్టుకున్నా. ఆవిడ రాసుకుంది."

"పన్నెండూ ఇరవై. ఖాయమేనా?"

"నా పెళ్ళయింది డిసెంబరు ఇరవైన సార్. పన్నెండూ ఇరవై అనగానే ఆవిడతో ఆ మాటన్నా. నవ్వింది కూడా."

కమిషన్ గదిలో ఫైలు తెప్పించుకున్నాను. చివరికి పోటీలో రెండు విమానాలు మిగిలాయి. ఒకటి ఒంటి ఇంజనుది. నడపడానికి చవక, పాత షెల్టర్లలో సునాయాసంగా పడుతుంది. కానీ మొదటి విమానం చేతికి రావడానికి దాదాపు ఆరేళ్ళు. రెండోది రెండింజన్లది. పెద్దది, ఖరీదైనది, కానీ ఇరవై రెండు నెలల్లో పంపుతామని రాసిచ్చారు. వందకి మార్కులు. ధరకి నలభై, పోరాట శక్తికి ముప్పై, ఎంత త్వరగా ఇస్తారన్నదానికి పదిహేను, ఉన్న రన్‌వేలూ షెల్టర్లూ సరిపోతాయా అన్నదానికి పదిహేను. అన్నీ కూడితే రెండింజన్ల విమానం ఒకటిన్నర మార్కుతో ముందుంది.

షెల్టర్ల పేజీ తీశాను. రెక్క ఎత్తున గుమ్మం వెడల్పు: 13.20. రెండింజన్ల విమానం రెక్కలకి, రెండు వైపులా వదలాల్సిన ఖాళీకి కలిపి కావాల్సింది 12.90. పదమూడైతే పడుతుంది. పన్నెండైతే పట్టదు. పట్టకపోతే పద్దెనిమిది షెల్టర్లు పగలగొట్టి మళ్ళీ కట్టాలి. ఆరు మార్కులు పోతాయి. విమానం ఓడిపోతుంది.

ఒక్క అంకె. పేజీ అడుగున సంతకం: కెప్టెన్ రాదినా బోజిలోవా.

బోజిలోవ్ ఇంటి ఆడవాళ్ళు రాసుకునే ఆ ఇంటిపేరు చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. కూలిన విమానంలో పోయిన యాసెన్‌కి ఆమె అక్క.

* * *

పన్నెండు నలభైకి పైలట్ల పాఠాల గదిలో ఎదురెదురుగా కూర్చున్నాం. ముప్పై రెండేళ్ళుంటాయి. జుట్టు బిగించి కట్టుకుంది. గదిలో హీటరు ఉన్నా కోటు విప్పలేదు. కుడిచెయ్యి కోటు జేబులో ఉంది. ఎడమచేత్తో కాఫీ కప్పు ఎత్తుతోంది.

"మీరొస్తారనుకోలేదు," అంది. "ఇంకెవర్నైనా పంపుతారనుకున్నా."

"ఉదయం ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఎక్కడున్నారు కెప్టెన్?"

"క్వార్టర్స్‌లో. తర్వాత ఆఫీసులో. మార్కుల కాగితాలు సర్దాలి కదా."

పెన్నూ కాగితమూ ముందుకు తోశాను. "ఏ టైముకి ఎక్కడున్నారో మీరే రాయండి."

"మీరు రాసుకోండి. నేను చెప్తా."

"మీ చేత్తో కావాలి."

ఆమె పెన్ను వంక చూసింది. ఎడమచేత్తో తీసుకుంది. పట్టుకోవడం రాలేదు. కింద పెట్టేసింది.

"జేబులో చెయ్యి ఓసారి చూపించమ్మా," అన్నాను. 'మీరు' అనడం నాకు తెలియకుండానే పోయింది.

మెల్లగా బయటికి తీసింది. అరచేతికి అడ్డంగా కట్టు. కట్టులోంచి ఎర్రగా సన్నని గీత.

"అవతలి నిచ్చెన మీద ఉన్నది నువ్వేనా?"

తల అడ్డంగా ఊపింది. మా దేశంలో అది ఔనని చెప్పడం. నేను కాగితం మడిచి పక్కన పెట్టాను.

"నిన్న రాత్రి భోజనాల దగ్గర బాబాయే అన్నాడు," అంది. త్రిఫోనోవ్‌ని ఆమె బాబాయ్ అని పిలుస్తుందని నాకు తెలియదు. "'పొద్దున్నే షెల్టర్ దగ్గరికి రా, ఓ చెయ్యి సాయం కావాలి,' అన్నాడు. ఎందుకో తెలుసు. వెళ్ళా. ఏమీ అడగలేదు. ఇవతల ఆయన, అవతల నేను. టేపు బిగించి లాగాడు. చదివాడు. పన్నెండు ఇరవై, అన్నాడు. గట్టిగా కూడా అనలేదు."

"నువ్వేమన్నావు?"

"ఆయనే అన్నాడు, 'మార్చింది నువ్వేనా తల్లీ?' అని. 'నేనే,' అన్నా. 'ఎందుకు?' అన్నాడు. ఎందుకంటారేంటి బాబాయ్, ఆరేళ్ళు ఎవరు ఆగుతారు? ఆరేళ్ళలో ఇంకా ఎంతమంది యాసెన్లు పోవాలి? రెండింజన్లదైతే ఇరవై రెండు నెలల్లో వస్తుంది. షెల్టర్లు పగలగొడితే గోడలు పోతాయి, మనుషులు పోరు కదా! అని అరిచా." ఆమె కళ్ళెత్తి నన్ను చూసింది. "మీరు ఆ రోజు నిజం రాసి ఉంటే ఆ డొక్కుల్ని అప్పుడే ఆపేసేవాళ్ళు ఇన్‌స్పెక్టర్ గారూ. పైలట్ పొరపాటు అని రాశారు. మా అమ్మ ఆ కాగితం ఇంకా బీరువాలో దాచింది. ఎందుకు దాచిందో అడిగితే చెప్పదు."

ఆ కాగితం మీదున్నది నా సంతకం.

"తర్వాత?" అన్నాను.

"ఆయన టేపు బిగించే ఉంచాడు. 'రాదినా, రెండింటికల్లా అసలు నెంబరు చెప్పాలి. ఇక దానివల్ల...' అని ఏదో అనబోయాడు. నాకు వినపడలేదు. వినాలనిపించలేదు. వదిలేశా. టేపు వదిలేశా. కావాలని తొయ్యలేదు. మీరు నమ్మినా నమ్మకపోయినా. చేతిలోంచి కోసుకుంటూ పోయింది. అవతల ఆయన వెనక్కి వాలి లాగుతున్నాడు కదా..."

"ఎన్ని గంటలకి?"

"ఏడు యాభై."

"దగ్గరికెళ్ళి చూశావా?"

"కళ్ళు మూసుకుని ఉన్నాడు. కదల్లేదు. పోయాడనుకున్నా. నిచ్చెన తగిలించా. ఎందుకు తగిలించానో తెలీదు, చేతులు వాటంతటవే చేశాయి. వచ్చేశా." కప్పు పక్కకి జరిపింది. "వెంటనే పోయాడు కదా? నొప్పి తెలియలేదు కదా?"

అబద్ధం చెప్పడానికి నాకు రెండు క్షణాలు దొరికాయి. ఇలాంటి అబద్ధమే మూడేళ్ళ కిందట కాగితం మీద రాశాను.

"లేదమ్మా. ఎనిమిదిన్నర దాకా ఉన్నాడు."

ఆమె ఏడవలేదు. కట్టు కట్టిన చెయ్యి బల్లమీద పెట్టి దాన్నే చూస్తూ కూర్చుంది. ఆ చూపు ఇప్పటికీ నన్ను వదల్లేదు. "కారు దగ్గరికి రమ్మన్నాడు," అంది. "కొలవడం అయ్యాక కారులో ఓ కాగితం ఉంది, సంతకం పెట్టాలి అన్నాడు. నేరం ఒప్పుకున్నట్టు రాయించుకుంటాడనుకున్నా."

"ఆ కారు ఎక్కడుంది?"

* * *

ఒకటీ ఇరవై అయింది. షెల్టర్ వెనక త్రిఫోనోవ్ పాత నీలం కారుకి వల్చెవ్ మనుషులిద్దరు గొలుసు కడుతున్నారు. లాక్కెళ్ళే బండి ఇంజను నడుస్తోంది. వల్చెవ్ పక్కన నిలబడి సిగరెట్ కాలుస్తున్నాడు.

"సాక్ష్యం మీద ఎవరు చెయ్యి వేశారు?" అన్నాను.

"ప్రమాదంలో సాక్ష్యమేంటండీ? చనిపోయినాయన దగ్గర రహస్య కాగితాలుంటాయి. అవి నా బాధ్యత."

"ప్రమాదం కాదు. నిందితురాలు దొరికింది. నా పక్కనే ఉంది." రాదినా నా వెనకే నిలబడి ఉంది. "కేసు తేలేదాకా ఈ కారు నాది. గొలుసు విప్పమనండి. లేదంటే సాక్ష్యం దాచినందుకు మీ పేరు రెండోది రాస్తాను. ఈసారి నా చేత ఎవరూ ఏదీ మార్చి రాయించలేరు."

ఆయన రాదినా కట్టు చూశాడు. ఆశ్చర్యపోలేదు. "అంకె మార్చింది ఈవిడేనా?" అన్నాడు తాపీగా. నేను అంకె సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. ఆ మాట నోరు జారిందని ఆయనకీ తెలిసింది. సిగరెట్ కింద పడేసి, విప్పమని మనుషులకి సైగ చేశాడు. హాలు వైపు నడిచిపోయాడు. పరుగెత్తలేదు కానీ దాదాపు పరుగులాంటి నడకే.

కారు తలుపు తాళం వేసి లేదు. ముందు సీటు మీద మడిచిన కోటు, దాని కింద గోధుమరంగు కవరు. కవరులో రెండు కాగితాలు.

మొదటిది కమిషన్ వాడే సవరణ పత్రం. త్రిఫోనోవ్ గుండ్రటి చేతిరాత. "షెల్టర్ల పేజీలో 13.20 బదులు 12.20 అని చదువుకోవాలి. కారణం: టైపు పొరపాటు." కింద ఆయన సంతకం అప్పటికే ఉంది. పక్కన ఖాళీ గీత. దాని కింద పెన్సిల్‌తో చిన్నగా, "రాదినా ఇక్కడ."

ఆమె అది చదివింది. టైపు పొరపాటు అన్న మాట మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది.

"నన్ను పట్టివ్వడానికి కాదు," అంది. "నన్ను తప్పించడానికి పిలిచాడు."

రెండో కాగితం ఉత్తరం నకలు. రెండింజన్ల విమానం తయారు చేసేవాళ్ళు కమిషన్‌కి రాసింది. మర్యాదగా నాలుగు వాక్యాలు. తమ దగ్గర ముందే నిలబడ్డ కొనుగోలుదార్ల వరుస పెరిగిందని, మొదటి విమానం ఇరవై రెండు నెలల్లో ఇవ్వలేమని, డెబ్భై ఒక్క నెలలు పడుతుందని. అందిందని ముద్ర వేసిన తేదీ ఫిబ్రవరి ఇరవై ఆరు. ముద్ర మీద సంతకం వల్చెవ్‌ది.

డెబ్భై ఒక్క నెలలంటే దాదాపు ఆరేళ్ళు, ఒంటి ఇంజను విమానానికి పట్టేంతే.

ఇక దానివల్ల ఉపయోగం కూడా లేదమ్మా. త్రిఫోనోవ్ నిచ్చెన మీంచి చెప్పబోయిన మాట అదై ఉంటుంది. ఒక్క నాలుగు మాటలు. అవి ఆమె చెవిన పడే దాకా ఆ టేపు నిలిచి ఉంటే చాలు, ఆయన ఇప్పుడు మెస్‌లో బీన్స్ చారు తింటూ ఉండేవాడు. నా ఆలోచన అక్కడితో ఆగలేదు. మూడేళ్ళ కిందట నేనింకో నెల ఆగి ఉంటే ఈ ఇద్దరూ ఆ గుమ్మానికి చెరో పక్క నిలబడే పనే వచ్చేది కాదు.

రాదినా ఉత్తరం చదవడం పూర్తి చేసి, మడిచి, నా చేతికిచ్చింది. ఆమె మొహం చూడలేక నేను తేదీ వంకే చూస్తూ నిలబడ్డాను.

"పదండి," అంది. "రెండు కావస్తోంది. వాళ్ళకి చెప్పాలి. బాబాయ్ చెప్పాలన్నాడు కదా."

ఆమెని వల్చెవ్ మనుషులకి వదిలి వెళ్ళే ధైర్యం నాకు లేదు. వెంట తీసుకెళ్ళాను.

* * *

హాల్లో పొడుగు బల్ల. ఏడు కుర్చీల్లో ఒకటి ఖాళీ. మధ్యలో కమిషన్ అధ్యక్షుడు జనరల్ దామ్యానోవ్, ముక్కు మీద సగం కళ్ళద్దాలు. అటూ ఇటూ సభ్యులు. గోడ పక్కన వల్చెవ్, ఒళ్ళో ఎర్రట్ట ఫైలు. గోడ గడియారంలో రెండింటికి ఎనిమిది నిమిషాలు.

"ఇన్‌స్పెక్టర్, ఇది రహస్య సమావేశం," అన్నాడు జనరల్.

"రెండు నిమిషాలు చాలు," అని ఉత్తరం బల్ల మీద పెట్టాను. షెల్టర్ల అంకె సంగతి, ఎవరు మార్చారు, ఎందుకు మార్చారు, త్రిఫోనోవ్ ఎలా పోయాడు, అన్నీ చెప్పాను. రాదినా నిటారుగా నిలబడి వింది. "ఈ ఉత్తరం ఫిబ్రవరి ఇరవై ఆరున కల్నల్ వల్చెవ్‌కి అందింది. ఆయన మీకు చూపించకుండా దాచాడు. ఇరవై రెండు నెలలన్న మాటకి మీరు వేసిన పదిహేను మార్కులు చెల్లవు. ఓటు ఆపండి."

ఉత్తరాన్ని ఎవరూ అందుకోలేదు. అదే నాకు మొదట అర్థం కాలేదు. ఇంత పెద్ద సంగతి చెబితే కనీసం చెయ్యి చాచి చూడాలి కదా. బల్ల చుట్టూ ఆరుగురూ కళ్ళు దించుకుని కూర్చున్నారు. ఒకాయన పెన్ను మూత తీసి పెట్టాడు, మళ్ళీ తీశాడు.

వల్చెవ్ లేచాడు. ఎర్రట్ట ఫైలు తెరిచి నా ముందు పెట్టాడు.

అదే ఉత్తరం. దాని అంచున, ఒకదాని కింద ఒకటి, "చదివాను" అని రాసి చేసిన సంతకాలు. తేదీ ఫిబ్రవరి ఇరవై ఏడు. లెక్కపెట్టాను. ఆరు.

"దాచానన్నారు," అన్నాడు. "నేనేదీ దాచలేదు గెచేవ్. ఏడో సంతకం మాత్రం అడగలేదు. త్రిఫోనోవ్ ప్రశ్నలు వేసే మనిషి. ఆయనకి నకలు ఎవరు పంపారో తెలుసుకోవాలని నాకూ ఉంది." ఆ మాటతో ఆయన చూపు సభ్యుల మీదుగా ఒక్కసారి నెమ్మదిగా తిరిగొచ్చింది. పెన్ను మూత పడిపోయి బల్ల మీద దొర్లింది.

"మీ అందరికీ తెలుసా?" అన్నాను.

జనరల్ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. మనిషి అలిసిపోయి ఉన్నాడు. "విమానం కొనడమంటే ముప్పై ఏళ్ళకి ఒక దేశంతో సంబంధం కలుపుకోవడం, ఇన్‌స్పెక్టర్. విడిభాగాలు వాళ్ళ దగ్గరే కొనాలి, శిక్షణ వాళ్ళ దగ్గరే పొందాలి, రేపు యుద్ధమొస్తే వాళ్ళ మొహమే చూడాలి. ఆ సంబంధం ఎవరితో అన్నది పైన ఎప్పుడో కుదిరింది. మార్కులు వేయడం మా వంతు. నాకిది ఇష్టమని ఎవరూ అనుకోవద్దు."

నా పక్కన రాదినా ఒక అడుగు ముందుకు వేసింది.

"అయితే జనరల్ గారూ," అంది, "నేను ఆ అంకె మార్చకపోయినా ఇదే గెలిచేదా?"

ఆమె ఒక్కొక్కరి మొహమూ చూస్తూ వెళ్ళింది. చివరికి వల్చెవ్ చెప్పాడు, ఆశ్చర్యంగా, కాస్త జాలిగా కూడా.

"ఆరు మార్కులే కదమ్మా. ఇంకెక్కడో కలిపేవాళ్ళం."

నేను ఆమె భుజం పట్టుకున్నాను. కట్టు కట్టిన చెయ్యి నా చొక్కా పట్టుకుంది, గట్టిగా, పసిపిల్ల పట్టుకున్నట్టు.

జనరల్ కళ్ళద్దాలు పెట్టుకుని గోడ గడియారం చూశాడు.

"ఆ ఖాళీ కుర్చీ గోడ పక్కకి జరపండి," అన్నాడు. "రెండయింది. మొదలుపెడదాం."